ఈనిన ఆవుకు రక్తపరీక్ష కూలబడ్డాకేనా?

ఈనిన ఆవు కూలబడ్డాక గానీ రక్తపరీక్ష గుర్తుకు రాకపోవడం పాడి రైతును నిలువునా ముంచుతోంది. మా కొట్టంలో మూడో ఈత ఆవు ఈనిన మర్నాడు తెల్లవారుజామున మెడను డొక్క వైపు తిప్పుకుని పడిపోయింది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. అది పాలజ్వరం, అంటే ఈనాక రక్తంలో కాల్షియం పడిపోవడం. జ్వరమని పేరే గానీ ఒళ్లు కాలదు, చల్లబడుతుంది. నరానికి కాల్షియం ఎక్కించాక లేచింది. ఇంకో ఆవు తొమ్మిదో రోజున గడ్డి మేస్తూనే దాణా వదిలేసింది. అజీర్తి అనుకుని నాలుగు రోజులు పోగొట్టాం, తీరా చూస్తే కీటోసిస్, అంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లనే పదార్థాలు రక్తంలో పేరుకునే జబ్బు. ఈ రెండూ పైకి తెలియకముందే రక్తంలో కనిపిస్తాయి. డెసీలీటరుకు కాల్షియం 8 మిల్లీగ్రాములకు తగ్గినా, లీటరుకు బీహెచ్‌బీ అనే కీటోన్ 1.2 మిల్లీమోల్స్ దాటినా, ఆవు నిలబడి నెమరేస్తున్నా సరే, లోపల నష్టం మొదలైనట్టే. గర్భాశయానికి చీము పట్టడం, నాలుగో పొట్ట పక్కకు జరగడం, మళ్లీ చూలు నిలవకపోవడం దాని వెనకే వస్తాయి. బీహెచ్‌బీ చూడటానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. తోక నరం నుంచి చుక్క రక్తం, అరచేతిలో ఇమిడే మీటరు ఉంటే కొన్ని సెకన్లలో అంకె తేలుతుంది. ప్రతి పశువైద్యశాలలో ఆ మీటరు, స్ట్రిప్పులు ఉంచాలి. ఈనిన 3వ రోజు నుంచి 14వ రోజులోపు ప్రతి పాడి ఆవుకూ ఒక్కసారైనా పరీక్ష చేయాలి. మూడో ఈత దాటినవాటికి తొలి రెండు రోజుల్లోనే కాల్షియం కూడా చూసి, ఆ అంకెలు రైతు చేతికి రాసివ్వాలి.

– ఒక పాడి రైతు