బ్రూటస్ పెద్దమనిషే, కాదన్నదెవరు

ఒరే వాసూ,

ఎట్లున్నావురా? "ఎం.ఏ. ఇంగ్లీషులో ఏముంటదిరా, కథలు చదవడమేగా" అని మొన్న నవ్వావు చూడు, దానికి జవాబు ఫోన్లో మొదలుపెడితే మధ్యలోనే పెట్టేస్తావని ఈ ఉత్తరం.

ఈ నెలంతా మాకు రెటరిక్. మాటలతో ఎదుటివాణ్ణి ఒప్పించడం అన్నమాట. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ దీన్ని మూడుగా విడదీసి చెప్పాడు. చెప్పేవాడి మీద నమ్మకం కలిగించడం ఎథోస్, వినేవాడి మనసు కదిలించడం పేథోస్, కారణాలూ సాక్ష్యాలూ చూపించడం లోగోస్. గైడులో అరపేజీ కూడా ఉండదు. మా క్లాసులో సగం మంది పాఠం చేతికి రాగానే పెన్సిల్ తీసి ఇది పేథోస్, ఇది ఐరనీ (అంటే పైకొకటి, లోపల ఇంకోటి) అని గీతలు కొట్టేసి, పనైపోయినట్టు కూర్చుంటారు. నాకు చిరాకు అక్కడే. ఆ మాట ఆ చోటే ఎందుకు పడింది, ఇంకాస్త ముందు పడుంటే ఏమయ్యేది అన్నది కదా అసలు పని!

షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' మూడో అంకం చూడు. సీజర్‌ని చంపాక బ్రూటస్ జనం ముందుకొచ్చి, నా పరువును చూసి నమ్మండి అంటాడు. సీజర్‌కి అధికార దాహమనీ, అతని మీద ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ప్రేమ ఎక్కువై చంపాననీ అంటాడు. అంతా వచనం. జనం జేజేలు కొడతారు. తర్వాత సీజర్ స్నేహితుడు ఆంటొనీ లేస్తాడు. ఇతను మాట్లాడేది పద్యంలో. బ్రూటస్ గౌరవనీయుడు అంటాడు. మొదటిసారి అది మర్యాదగానే వినిపిస్తుంది. ఆ తర్వాత, సీజర్ బందీల విడుదల సొమ్ముతో ఖజానా నింపాడనీ, కిరీటం ఇవ్వబోతే మూడుసార్లు వద్దన్నాడనీ సాక్ష్యాలు పెడుతూ మళ్ళీ మళ్ళీ అదే మాట అంటాడు. మాట మారదు, వింటున్నవాళ్ళు మారిపోతారు. బ్రూటస్ నమ్ముకున్నది తన పరువునే కదా, సరిగ్గా దాన్నే పడగొట్టాడు.

ఇంకో తమాషా. సీజర్ చిరిగిన అంగీ ఎత్తి చూపిస్తూ ఇది కాస్కా పొడిచింది, ఇది బ్రూటస్ పొడిచింది అంటాడు. పొడిచేటప్పుడు ఇతను అక్కడ లేనే లేడురా! కుట్రలో ఒకడైన ట్రెబోనియస్ ముందే పక్కకు తీసుకెళ్ళాడు. ఏ చిరుగు ఎవరిదో ఎట్లా తెలుసయ్యా అని ఆ గుంపులో ఒక్కడూ అడగడు. జనం ఊగిపోయి పరుగెత్తబోతుంటే వెనక్కి పిలిచి మరీ సీజర్ వీలునామా చదువుతాడు, మనిషికి 75 ద్రాక్మాలు (వెండి నాణేలు) అని. ఏడిపించాక డబ్బు. ఆ వరస చూడు.

ఇది చదువుతుంటే నాకు మన తిక్కన గుర్తొచ్చాడు. పదమూడో శతాబ్దంలో ఈ నెల్లూరులోనే మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు, ఆయనకు ఈ గ్రీకు పేర్లతో పనేముంది? ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయల్దేరబోతుంటే ద్రౌపది మాట్లాడుతుంది. "వరమునఁ బుట్టితిన్" అని ఎత్తుకుని, తన పుట్టుక, మెట్టిన వంశం, మామ, భర్తలు, కొడుకులు, అన్నదమ్ములు, ఒక్కొక్కటీ చెప్పుకొస్తుంది. తానెవరో అంత ఎత్తున నిలబెట్టుకున్నాక, దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టు చూపించి, సంధి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో అంటుంది. ముందే ఏడ్చుంటే అది ఒట్టి ఏడుపయ్యేది. ఆంటొనీ చూపించింది చచ్చినవాడి అంగీ, ఈమె చూపించింది తన జుట్టు. నన్నడిగితే ద్రౌపదిదే పైచేయి. మా మేడమ్ ఒప్పుకోలేదు, ఇద్దరి అవసరాలూ వేరంది. అదీ నిజమేననుకో.

ఇప్పుడు అసలు విషయం. అసైన్‌మెంటుకు నిజంగా ఎవరో ఎవరికో రాసిన ముక్క ఒకటి కావాలి. డబ్బులు అడుగుతూ నువ్వు పెట్టిన మెసేజ్ వాడుకుంటా. "ఎప్పుడైనా ఎగ్గొట్టానా" అన్నది ఎథోస్, "మెస్‌లో సాంబారు నీళ్ళురా" అన్నది పేథోస్, "ఒకటో తారీఖున స్టైపెండ్ పడుద్ది" అన్నది లోగోస్. మూడూ ఉన్నాయి గానీ సాంబారుతో మొదలెట్టి చెడగొట్టావు. పేరు తీసేస్తాలే.

రెండు వేలు పంపించా, చూసుకో. అమ్మ పండక్కి ఎప్పుడొస్తావని అడుగుతోంది. టికెట్ త్వరగా చేయించుకో.

నీ
రవి