కూతకు వెళ్లే అమ్మాయికి ఊపిరి కసరత్తు ఏది?

సంపాదకులకు,

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో మన మహిళల కబడ్డీ జట్టు చైనీస్ తైపీని 26-25తో ఓడించింది. ఒక్క పాయింటు. అలాంటి ఆటలో చివరి కూతలకున్న విలువ తెలిసి కూడా, రెండో సగంలో రొప్పుతున్న అమ్మాయిని ‘స్టామినా లేదు, ఇంకో పది రౌండ్లు కొట్టు’ అని మైదానం చుట్టూ తిప్పడం చాలాచోట్ల ఆగలేదు.

ఊపిరి లాగేది డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరం), పక్కటెముకల మధ్య కండరాలు. ఆట తీవ్రంగా సాగితే అవీ అలుస్తాయి. అప్పుడు కాళ్లకు రక్తం తీసుకెళ్లే నాళాలు బిగుసుకుంటాయి, కాళ్లు బరువెక్కుతాయి. అంతే పరిమాణం ఊపిరితిత్తులున్న మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్ల శ్వాసనాళాలు సన్నం. బాగా రొప్పేటప్పుడు అంతే గాలి లాగడానికి వాళ్లకు శ్రమ ఎక్కువ.

ఊపిరి లాగే కండరాల బలం పెంచడానికి, లాగే గాలికి అడ్డుపడే స్ప్రింగు కవాటమున్న చేతి పరికరం చాలు. ముందు ఆ అమ్మాయి ఎంత బలంగా ఊపిరి లాగగలదో కొలవాలి. అందులో సగం బరువుకు స్ప్రింగు బిగించి, ముక్కుకు క్లిప్పు పెట్టి, ఊపిరి పూర్తిగా వదిలాక ఒక్క ఊపున లాగాలి, నిదానంగా వదలాలి. ఉదయం 30, సాయంత్రం 30, వారానికి ఐదారు రోజులు, ఆరు వారాలు. 30 తేలిగ్గా అయిపోతే బరువు పెంచాల్సిందే. చాలామంది ఇక్కడే తప్పుతారు, మొదటి రోజు బిగింపుతోనే ఆరు వారాలూ లాగిస్తారు. భుజాలు పైకి లేస్తుంటే పని మెడ కండరాలకు పోతోందన్నమాట. కింది పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. తల తిరిగితే వేగం ఎక్కువైనట్టు, కాసేపు ఆపాలి. ఆరు వారాలయ్యాక వారానికి రెండు మూడు రోజులు చేస్తే వచ్చిన బలం నిలుస్తుంది.

ఆసుపత్రుల్లో ఇచ్చే మూడు బంతుల పరికరం దీనికి బదులు కాదు, నెమ్మదిగా పీల్చితే అందులో బరువే పడదు. బుడగలు ఊదడం ఊపిరి వదిలే కండరాలకు పనికొస్తుంది, లాగే కండరాలకు కాదు.

ఇంకో మాట. రొప్పు కనబడగానే పరికరం చేతికివ్వొద్దు, ముందు హిమోగ్లోబిన్ చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. లోపల వేసుకునే స్పోర్ట్స్ బ్రా పట్టీ బిగుతుగా ఉంటే పక్కటెముకలు విచ్చుకోవు, దాన్నీ సరిచూడాలి. ఊపిరి లాగేటప్పుడు గొంతులో ఈల శబ్దం వస్తున్నా, ఉబ్బసం అదుపులో లేకున్నా, ఇటీవల చెవిలో కర్ణభేరికి చిల్లు పడినా డాక్టరు దగ్గరికి పంపాలి.

క్రీడా హాస్టళ్లకు కిట్లు కొనేటప్పుడు అమ్మాయికొకటి చొప్పున ఈ పరికరాన్నీ చేర్చమని రెండు రాష్ట్రాల క్రీడాధికారులను కోరుతున్నాం. ఒకరిది మరొకరు నోట పెట్టుకోకూడదు, వాడిన ప్రతిసారీ సబ్బు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి.

— కబడ్డీ శిక్షకులు, ఫిజియోథెరపిస్టులు