మా బడికి శనివారాలు ఇచ్చినవాళ్లకు

ఏప్రిల్ 23తో ఈ ఏడాది బడి అయిపోయింది. ప్రోగ్రెస్ కార్డులు పంచి, స్టాఫ్ రూంకి తాళం వేసి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని మీలో సగం మంది అన్నారు. మిగతా సగం మందివే రాస్తే బాగుండదు కాబట్టి ఎవరివీ రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో మీకు తెలుస్తుంది.

మాది నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను లెక్కల టీచర్ని. నిరుడు జూన్‌లో తొమ్మిదో తరగతికి ఒక చిన్న టెస్ట్ పెట్టాను. 41 మందిలో 17 మందికి మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం రాలేదు. వాళ్లకే అంతకు ముందు ఏడాది నేను సమీకరణాలు చెప్పాను. బోర్డు నిండా రాశాను, వాళ్లు నోటుబుక్కు నిండా ఎక్కించుకున్నారు. కరెక్షన్ చేసి ఎర్ర పెన్నుతో సంతకం కూడా పెట్టాను.

ఆ రాత్రే మా రిటైర్డ్ హెడ్మాస్టర్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒకప్పుడు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లెల్లో నడిపే చిన్న బడులు చూసి వచ్చినవారు. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేరుస్తారు. ఒక మెట్టు వచ్చిన పిల్ల పై మెట్టు ఎక్కుతుంది, పక్క పిల్ల కోసం ఆగే పని లేదు. "అది ప్రైమరీ పిల్లలకు కదా సార్" అన్నాను. "మరి మీ 17 మంది ఏ తరగతి?" అన్నారు. తర్వాతి శనివారం ఆయనే బస్సెక్కి వచ్చారు. ఏడాదంతా వస్తూనే ఉన్నారు.

పొద్దుటి పీరియడ్లు ముట్టుకోలేదు. సిలబస్ ఉంది, పై ఏడు పదో తరగతి ఉంది. మధ్యాహ్నం రెండు పీరియడ్లు మాత్రం మా హెడ్మాస్టర్ మేడం ధైర్యం చేసి ఇచ్చారు. ఎనిమిది, తొమ్మిది తరగతులను కలిపేసి, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి కూర్చోబెట్టాం. ప్రతి ఒక్కరి నోటుబుక్కు అట్ట లోపల గళ్ల చీటీ ఒకటి. కార్డు పూర్తయితే నా ముందుకొచ్చి రెండు లెక్కలు చేసి, ఎట్లా చేశారో నోటితో చెప్పాలి. చెబితే గడిలో టిక్కు. లేకపోతే అదే మెట్టు మీద ఇంకో కార్డు.

మొదటి నెల చెడగొట్టింది నేనే. ఒక్కో మెట్టు కార్డులు పెట్టే డబ్బాకు ఒక్కో రంగు వేయించాను. మూడో రోజుకే "ఎర్రడబ్బోడు" అనే తిట్టు పుట్టింది. ఇద్దరు మధ్యాహ్నం అన్నం తినగానే గోడ దూకడం మొదలుపెట్టారు. ఒక తండ్రి వచ్చి, "తొమ్మిదో తరగతి పిల్లకు మూడో తరగతి లెక్కలేంది సారూ, ఇజ్జత్ పోతాంది" అన్నాడు. ప్రతి పిల్లకు ఎంత వచ్చో చూసి, కావాల్సినంత అదనంగా చెప్పడం టీచర్ పని అని 2009 విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. అది చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన బాధ చట్టం గురించి కాదు.

దారి చూపింది హన్మకొండ నుంచి వచ్చే బీఈడీ అమ్మాయి. రంగులన్నీ గీకేసి డబ్బాల మీద పాకాల, లక్నవరం, రామప్ప, గణపురం అని రాసింది. అన్నీ కాకతీయుల కాలం చెరువులే, ఇందులో తక్కువదేది? పిల్లలు దాని మీదా కొట్లాడుకున్నారనుకోండి. పాకాలే పెద్దదని భాగాహారం వాళ్లు కాలరెగరేశారు. గోడ దూకడం ఆగింది.

ఆ డబ్బాలు విరిగిన బెంచీల చెక్కతో చేసినవి. కూలి ఎంతని అడిగితే మా వడ్లాయన "నా కొడుకు ఏ చెరువుల ఉన్నడు?" అని మాత్రం అడిగాడు. జిరాక్స్ షాపు అన్న కార్డుల లామినేషన్‌కు సామాను ఖర్చే తీసుకున్నాడు. శనివారాలు వచ్చిన ఆరుగురు డిగ్రీ పిల్లలు బస్సు చార్జీలు కూడా తీసుకోలేదు.

నవంబరులో పత్తి ఏరే రోజులు. ఏటా అప్పుడు తరగతి సగం ఖాళీ అవుతుంది. తిరిగొచ్చేసరికి పాఠం రెండు అధ్యాయాలు దాటిపోయి ఉంటుంది. వచ్చినవాళ్లు ఆఖరి బెంచీకి చేరతారు, అట్నుంచి అటే మెల్లగా బడి మానేస్తారు. ఈసారి ఒకమ్మాయి పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. వేళ్ల నిండా పత్తికాయ గీరిన గాట్లు. నన్నేమీ అడగకుండా డబ్బా దగ్గరికెళ్లి కార్డు తీసింది. "నేను ఇడిసిన కార్డు గిక్కడ్నే ఉంది సార్" అంది. మీ శనివారాలన్నీ ఎటు పోయాయని ఎవరైనా అడిగితే ఈ ముక్క చెప్పండి.

ఆ 17 మందిలో 12 మంది భాగాహారం దాటారు. ముగ్గురు ఇంకా పాకాలలోనే ఉన్నారు. ఒకరు హాస్టల్‌కి మారారు. ఒకడు మానేసి మెకానిక్ షాపులో చేరాడు. ఇంటికి రెండుసార్లు వెళ్లినా తీసుకురాలేకపోయాను. ఆ లెక్క నా ఖాతాలోది, మీది కాదు.

జూన్ 12న మళ్లీ తెరుస్తాం. ఇంగ్లీషు చదవడానికి కార్డులు మొదలుపెట్టాలి. ఒకవైపే రాసిన కాగితాలు మీ ఇళ్లలో ఉంటే పారేయకండి, రఫ్ పనికి కావాలి. పాకాల డబ్బా మూత కోతులు విరగ్గొట్టాయి. వడ్లాయనకు చెప్పేలోపే ఆయన వచ్చి డబ్బా భుజాన పెట్టుకుని పోయాడు.