మన కాలనీ భక్త బృందం – 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు నేను నివేదిక చదువుతుంటే, "ఎన్ని ప్లేట్ల పులిహోర పంచామో చెప్పారు గానీ యాత్ర ఎట్లా జరిగిందో చెప్పలేదే" అని వెనక వరసలోంచి ఒకరు అన్నారు. మాట నిజమే. అందుకని ఈసారి మిగతావి రెండు ముక్కల్లో కానిచ్చి, అరుణాచలం, అదే తమిళనాడులోని తిరువణ్ణామలై, యాత్ర సంగతి కాస్త సాగదీసి రాస్తున్నాను.

చలివేంద్రం ఏప్రిల్, మే నెలలు నడిచింది. మజ్జిగ మాత్రం ఆదివారాలే ఇవ్వగలిగాం. కార్తీక వనభోజనాలు వాన వల్ల కల్యాణ మండపంలోకి మారాయి. ఉసిరి కొమ్మ తెచ్చి ఇసుక బకెట్లో నిలబెట్టి, దాని చుట్టూ విస్తళ్లు వేశాం.

నవంబర్ 15న, కార్తీక పౌర్ణమికి, శివాలయంలో జ్వాలాతోరణానికి గడ్డి మన తరఫునే ఇచ్చాం. గుంజల మధ్య అడ్డకర్రకు చుట్టిన గడ్డి అంటుకోగానే పల్లకి మూడుసార్లు దాని కింద నుంచి దాటింది. మిగిలిన పరకలు పశువుల మేతలోనో ధాన్యపు గాదెలోనో వేయడం పాత ఆచారం. మన కాలనీలో గాదె లేదు, గొడ్డూ లేదు. అయినా పరకల కోసం తోపులాట తప్పలేదు. మా ఇంట్లోది బియ్యం డబ్బాలో ఉంది.

ఇక అరుణాచలం. మొదటి గందరగోళం తారీఖు దగ్గరే వచ్చింది. కార్తీక దీపం అంటే కార్తీక పౌర్ణమే అనుకుని నలుగురు సభ్యులు నవంబర్ 15కి రైలు టికెట్లు చేయించుకున్నారు. తమిళులది సౌరమానం. వాళ్ల కార్తీక మాసంలో కృత్తికా నక్షత్రం వచ్చిన రోజే తిరువణ్ణామలైలో కొండ మీద మహాదీపం వెలిగిస్తారు. అది డిసెంబర్ 13న పడింది. మన లెక్కకు అప్పటికే మార్గశిరం. గ్రూపులో ముందే స్పష్టంగా పెట్టకపోవడం కార్యదర్శిగా నా తప్పే.

రెండోది తప్పు కాదు, విపత్తు. ఫెంగల్ తుపాను వానలకు డిసెంబర్ 1న ఆ కొండవాలు విరిగి ఇళ్ల మీద పడింది. ఐదుగురు పిల్లలతో కలిపి ఏడుగురు పోయారు. ఆ వార్త టీవీలో చూసిన దగ్గర్నుంచి నాకు ఫోన్లే ఫోన్లు. వెళ్దామా, మానుకుందామా అని రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. నిపుణులు కొండను పరిశీలించాక, దీపం సామగ్రి మోసేవాళ్లూ సిబ్బందీ తప్ప ఈసారి భక్తులెవరూ పైకెక్కకూడదని అక్కడి ప్రభుత్వం తేల్చింది. కొండెక్కాలని ఆశపడ్డ మన కుర్రాళ్లు ఏడుగురూ నీరుగారిపోయారు. పెద్దవాళ్లు మాత్రం, "చూడాల్సింది కిందనుంచే గదా" అన్నారు. చివరికి 38 మందిమి బయల్దేరాం. ఆఖరి నిమిషంలో మానుకున్నవాళ్ల సీట్లకు బస్సు యజమాని అడ్వాన్సు తిరిగివ్వలేదు. ఆ నష్టం ఎవరు భరించాలనేది సమావేశంలో తేల్చాలి.

పన్నెండో తారీఖు రాత్రి నెల్లూరులో ఎక్కి, తిరుపతి, చిత్తూరు, వేలూరు మీదుగా తెల్లవారాక చేరాం. తెల్లవారుజామున గుడిలో వెలిగించే భరణి దీపం అందలేదు. బస్సును ఊరి బయట తాత్కాలిక బస్టాండులోనే ఆపేశారు. అక్కణ్ణుంచి నడకే.

గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. దారిలో వచ్చే ఎనిమిది లింగాల్లో ఇంద్ర లింగం దగ్గర మొదలుపెడితే రెండోది అగ్ని లింగం. పంచభూత క్షేత్రాల్లో అరుణాచలం అగ్ని క్షేత్రం. కొండే లింగమని నమ్ముతారు కాబట్టి కొండ చుట్టూ తిరగడమే ఇక్కడ ప్రధాన పూజ. మూడోదైన యమ లింగం దాకా అందరం కలిసే ఉన్నాం. ఆ తర్వాత ఎవరి మోకాళ్లు వారివి. వాయు లింగం దాటాక మన పిన్నిగారొకరు రోడ్డు పక్కన కూర్చుని, మడమలో దిగిన రాయి తీయించుకుంటూ, "ఇంకెంత దూరం నాయనా?" అని అడిగారు. సగం పైనే అయిపోయిందన్నాను. "నువ్వు ఇందాకా అదే చెప్పావు" అన్నారు.

సాయంత్రం ఆరు గంటల వేళ. గుడి లోపలికి పాసులున్నవాళ్లకే ప్రవేశం. అర్ధనారీశ్వరుడు ఏడాదికి ఆ ఒక్కరోజే, రెండు మూడు నిమిషాలు బయటికొస్తాడు. అది మనలో ఒక్కరికీ దక్కలేదు. మేం బయట రోడ్డు మీద, ఒక మెడికల్ షాపు ముందు ఇరుక్కుని నిలబడ్డాం. అందరి చేతులూ ఫోన్లతో పైకి లేచాయి. పిన్నిగారు ముందున్న కుర్రాడి భుజం తట్టి, "ఫోను దించు బాబూ, కొండ కనపడటం లేదు" అన్నారు. తమిళ కుర్రాడు, భాష అర్థం కాకపోయినా దించాడు. అంతలో శిఖరం మీద చిన్న ఎర్ర చుక్క. "అణ్ణామలైయార్‌కు అరోహరా" అని వీధంతా ఒక్క గొంతై అరిచింది. ఎదురు మేడల మీద దీపాలు అప్పుడు వెలిగించారు.

2,668 అడుగుల కొండ మీద మనిషి ఎత్తు రాగి కొప్పెర. అందులోకి మూడున్నర వేల కిలోలకు తగ్గకుండా నెయ్యి, వెయ్యి మీటర్లకు పైగా వత్తిగుడ్డ. ఆ నెయ్యిలో మన సంఘానిది పదిహేను కిలోలు. కౌంటర్లో కట్టిన రసీదు ఫైల్లో ఉంది, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు.

ఇప్పుడు నా ప్రతిపాదన. ఆ దీపం 11 రోజులు వెలుగుతుంది. మొదటి సాయంత్రమే చూడాలని పట్టుబట్టి, అరవై దాటిన వాళ్లను ఆ జనంలో నిలబెట్టడం నాకు సబబుగా లేదు. ఇద్దరు తప్పిపోయి రాత్రి పదకొండింటికి దొరికారు. ఆ నాలుగు గంటల టెన్షన్ మళ్లీ వద్దు. 2025లో మహాదీపం డిసెంబర్ 3న. ఐదో రోజుకో ఆరో రోజుకో వెళ్తే అదే కొండ, అదే జ్యోతి, తీరిగ్గా ప్రదక్షిణ. మహిళా విభాగం వారు దీనికి ఒప్పుకోవడం లేదు. వెలిగించే క్షణం చూడకపోతే వెళ్లడమెందుకు అన్నది వాళ్ల వాదన. కాదనడానికి నాకూ నోరు రాదు, ఆ ఎర్ర చుక్క నేనూ చూశాను కదా. ఓటింగు పెడదాం.

యాత్ర ఖర్చు తలా 2,400 రూపాయలు పడింది, వసూలు చేసింది 2,200. లోటు సంఘం నిధి నుంచి సర్దాం.

ధనుర్మాసంలో ఆరుద్రా నక్షత్రం రోజున వచ్చే ఆరుద్ర దర్శనం నాడు నటరాజస్వామికి దిద్దాక పంచే మహాదీపపు మసిని, అప్పుడు వెళ్లిన మన సభ్యులొకరు కాస్త తెచ్చారు. చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి కోశాధికారి గారింట్లో ఉంచాం. సాయంత్రం ఆరు దాటాక వెళ్లి తీసుకోండి. యాత్ర బాకీ ఉన్నవాళ్లు దయచేసి అది కూడా పట్టుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి