ఆ పది నిమిషాలు ఎవరి డ్యూటీ?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీని నేను ఏళ్ల తరబడి వదలకుండా చదువుతున్నాను. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు, చర్మం డాక్టరు, ఇలా వారానికొకరు పాఠకుల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు ఇస్తుంటారు. కానీ కాస్త గమనించి చూడండి, ఆ ప్రశ్నల్లో చాలావరకు జబ్బు గురించి కాదు, మందు గురించి. ఈ మాత్ర ఆ మాత్రతో కలిపి వేసుకోవచ్చా, ఒక పూట మర్చిపోతే రెండో పూట రెండూ వేసుకోవాలా, పరగడుపున అంటే ఎంతసేపు, తగ్గిపోయింది కదా ఇక ఆపేయొచ్చా. మందు రాసిచ్చిన రోజే ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పి ఉంటే వీళ్లలో చాలామందికి మీకు ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మా నాన్న సంగతి చెబుతాను. ఆయనకు 74 ఏళ్లు, బీపీకి, గుండె దడకి చాలాకాలంగా మెటోప్రొలాల్ అనే, గుండె వేగాన్ని తగ్గించే మాత్ర వాడుతున్నారు. ఆ మధ్య ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. డిశ్చార్జి రోజు ఎలా ఉంటుందో తెలిసిందే కదా, ఒకపక్క బిల్లు, ఇంకోపక్క బండి, ఇంతలో ఎవరో వచ్చి ఒక ఫైలూ ఒక మందుల సంచీ చేతిలో పెట్టి ‘అన్నీ ఇందులో రాసి ఉన్నాయండీ, చూసుకుని వేయండి’ అని వెళ్లిపోయారు. రాసే ఉన్నాయి, అబద్ధమేమీ కాదు. అందులో మెటోప్రొలాల్ కూడా ఉంది, కాకపోతే వేరే కంపెనీది, వేరే పేరుతో. ఇంట్లో పాత పేరుతో పాతది ఎలాగూ ఉంది. నాన్న లెక్క ఏమిటంటే, పాత మాత్ర ఆపమని ఎవరూ చెప్పలేదు, కొత్తది వేసుకోమని రాశారు, కాబట్టి రెండూ వేసుకోవాలి. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. పదకొండు రోజులు అలాగే గడిచాయి. పన్నెండో రోజు పొద్దున బాత్రూం గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయారు. నాడి చూస్తే నిమిషానికి 44.

ఈసారి వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ పరీక్షలన్నీ నడుస్తుండగా తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి, ఇంట్లో వాడే మందులన్నీ, నొప్పుల మాత్రలు, బలానికి వేసుకునేవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి కూడా వదలకుండా ఒక సంచిలో వేసుకుని రమ్మంది. డాక్టరు కాబోలు అనుకున్నా. కాదండీ, క్లినికల్ ఫార్మసిస్టుని, వార్డులో రోగుల మందులు సరిచూడటం నా పని అంది. నిజం చెప్పాలంటే ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. సంచి తెచ్చాక షీట్లన్నీ మంచం మీద పరిచి, పైన పెద్దక్షరాల్లో ఉండే పేరు వదిలేసి వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు షీట్లు పక్కన పెట్టి ‘ఇవి రెండూ ఒకటే మందండీ’ అంది. వెళ్లి డాక్టరుకి చెప్పింది, ఆయన వచ్చి ఒకటి కొట్టేశారు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మర్నాడు జరిగింది. ఇంటికి పంపేముందు ఆ అమ్మాయి మళ్లీ వచ్చి మందులు ఎలా వాడాలో చెప్పడం మొదలుపెడితే, అలవాటుగా నేను ముందుకొచ్చి తల ఊపుతున్నాను. నన్ను ఆపి ‘వేసుకునేది ఆయన కదా’ అని నాన్న వైపు తిరిగి, ‘అంకుల్, నేను చెప్పింది మీకు అర్థమైందో లేదో కాదు, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఒకసారి మీరు నాకు చెప్పండి’ అంది. నాన్న చెప్పారు. రెండు తప్పులు చెప్పారు. మళ్లీ చెప్పించింది. అర్థమైందా అని అడిగితే మనమందరం ఊఁ అనేస్తాం, తెలియలేదంటే నామోషీ. తిరిగి చెప్పించడం వేరు. ఇది ఆ అమ్మాయి సొంత తెలివి అనుకున్నా కానీ వాళ్ల చదువులో ఇదొక పద్ధతేనట.

ఆ తర్వాత ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనిపించి కొంత చదివాను. మందుల గది కౌంటరు వెనక ఉండాల్సిన మనిషిని వార్డులోకి, రోగి మంచం దగ్గరికి తీసుకురావాలన్న ఆలోచన 1960లలోనే అమెరికాలో మొదలైంది. 1990లో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు అమెరికా ఫార్మసీ ప్రొఫెసర్లు దీనికి ఒక స్పష్టమైన రూపం ఇచ్చారు. మందు చేతికిచ్చేస్తే ఫార్మసిస్టు పని అయిపోయినట్టు కాదు, ఆ మందు వల్ల రోగికి మేలు జరిగిందా లేదా అన్న బాధ్యత కూడా ఆ మనిషిదే అని వాళ్ల వాదన. చెప్పుకోవడానికి చిన్న తేడా. కానీ మా ఇంట్లో నాన్నని పడగొట్టింది సరిగ్గా ఆ తేడానే. మొదటి ఆసుపత్రిలో మందు ఇచ్చారు, రెండోచోట మందుని పట్టించుకున్నారు.

పట్టించుకోవడం అంటే ఏమిటో ఒకటి రెండు చెబుతాను. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రలు ఇస్తారు, అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మనకి మాత్ర అంటే రోజూ అనే అలవాటు కదా, ఆ అలవాటుకొద్దీ రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లు, పోయినవాళ్లు కూడా ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఏ రోజు వేసుకుంటారు అని అడిగి ఆ రోజు పేరు చీటీ మీద రాసిస్తే ఆగిపోయే ప్రమాదం అది. థైరాయిడ్ మాత్ర పరగడుపున అని అందరికీ తెలుసు, దానికీ క్యాల్షియం, ఐరన్ మాత్రలకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలని ఎంతమందికి తెలుసు? అది తెలియక రెండూ కలిపి మింగి, రిపోర్టులో నంబరు తగ్గలేదని డోసు పెంచించుకుంటారు. ఇన్‌హేలర్ సంగతి అయితే చెప్పనక్కర్లేదు, చేతిలో పెట్టి పంపేస్తారు, సగం మందు గొంతులోనే ఆగిపోతుంది, మందు పనిచేయడం లేదని మనిషి దాన్ని మూలన పడేస్తాడు. కడుపులో నెమ్మదిగా కరగాల్సిన మాత్రని పెద్దవాళ్లు మింగలేకపోతున్నారని ఇంట్లోవాళ్లే ప్రేమగా నూరి పోస్తారు, రోజంతా నెమ్మదిగా అందాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. ‘భోజనం తర్వాత మూడుపూటలా’ అని రాస్తే, రోజుకి రెండుసార్లే తినే మనిషి రెండే వేసుకుంటాడు. తప్పు అతనిది కాదు, అడగనివాళ్లది.

వార్డులో కనపడకుండా జరిగే పని ఇంకోటి ఉంది. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకి చాలా మందుల డోసు తగ్గించాలి, లేదా రెండు డోసుల మధ్య ఎడం పెంచాలి. రక్తం పలుచన కావడానికి వార్ఫరిన్ వాడేవాళ్లకి మెట్రోనిడజోల్ లాంటి మామూలు యాంటీబయాటిక్ తోడైతే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. బీపీకి వేసే ఆమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్లు వాస్తాయి, ఆ వాపుని కొత్త జబ్బనుకుని నీరు తీసే మాత్ర ఇంకోటి రాస్తారు, దానివల్ల వచ్చినదానికి మరొకటి. ఇలా మందుకి మందు పుట్టుకొస్తూ పోతే, ఆ గొలుసు మొదలెక్కడుందో వెనక్కి నడిచి పట్టుకునే మనిషి ఒకరుండాలి. దీనర్థం డాక్టర్లకి తెలియదని కాదు. ముప్ఫై మందిని చూసి ఇంకో ముప్ఫై మంది బయట కూర్చుని ఉన్నప్పుడు ఆ వెనక్కి నడిచే టైం వాళ్లకి ఉండదు.

డాక్టర్లు ఒప్పుకుంటారా, వాళ్ల పనిలో వేలు పెట్టినట్టు కాదా అని మా బంధువొకాయన అడిగారు. దీనికి జవాబు 1999లోనే వచ్చింది. అమెరికాలో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో డాక్టర్లతో పాటు ఒక ఫార్మసిస్టుని కూడా రౌండ్స్‌కి పంపి చూశారు. మందు రాసేటప్పుడు జరిగే పొరపాట్ల వల్ల రోగులకు కలిగే హాని 66 శాతం తగ్గింది. ఫార్మసిస్టు ఇచ్చిన సూచనలు 366 అయితే డాక్టర్లు 362 ఒప్పుకున్నారు. రాసేసిన తర్వాత ఫోన్ చేసి మీరు తప్పు రాశారంటే ఎవరికైనా కోపమొస్తుంది, రాస్తున్నప్పుడే పక్కన నిలబడి ‘సార్, ఈయన కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుంది’ అంటే ఎందుకొస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది, దీర్ఘకాలం మందులు వాడాల్సినవాళ్లలో, ధనిక దేశాల్లో కూడా, సగటున సగం మందే సరిగ్గా వాడుతున్నారని. మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని 2017లో అదే సంస్థ ప్రత్యేకంగా ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. అంటే సమస్య తెలియక కాదు. చెప్పడం అనేది అందరి పని అయ్యేసరికి ఎవరి పనీ కాకుండా పోయింది. డాక్టరు నర్సు చెబుతుందనుకుంటారు, నర్సు మందులిచ్చేచోట చెబుతారనుకుంటుంది, అక్కడేమో వెనక ఇరవై మంది క్యూలో ఉంటారు.

క్లినికల్ ఫార్మసిస్టుల్ని పెట్టుకున్న చోట కూడా అంతా బాగుందని అనను. ‘కౌన్సెలింగ్ ఇవ్వబడింది’ అని ముందే అచ్చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయేవాళ్లని కూడా నేను చూశాను. ఫైలు నింపడానికే మనిషిని పెట్టుకుంటే ఫైలే నిండుతుంది. డిశ్చార్జి ముందు పది నిమిషాలు, రోగితోనే, కూర్చుని, తిరిగి చెప్పించి పంపడం ఫలానావారి డ్యూటీ అని ఆసుపత్రిలో రాసిపెట్టి ఉండాలి, ఆ పది నిమిషాల్లో ఆ మనిషికి వేరే పని అప్పజెప్పకూడదు. నేను అడిగేది అంతే. జీతం ఖర్చు అంటారా, మా నాన్న రెండోసారి చేరడానికి అయినదాన్ని కూడా ఆ లెక్కలో వేసుకోమనండి.

ఇక మీకొక విన్నపం. మీ ఆరోగ్యం పేజీలో వారానికి ఒక మూల ఒక క్లినికల్ ఫార్మసిస్టుకి ఇవ్వండి. మందుల గురించిన ప్రశ్నలన్నీ అటు మళ్లించండి. మా ఇంటి నుంచి మొదటి ప్రశ్న సిద్ధంగానే ఉంది, ఆ పాత పేరు షీట్లు ఇంకా మూడు మిగిలి ఉన్నాయి, డబ్బు పోసి కొన్నవి ఎందుకు పారేయాలని నాన్న బీరువాలో దాచారు. నేను చెబితే వినడం లేదు, పేపర్లో వస్తే వింటారు.

ఇట్లు,
మీ పాఠకుడు