పాత కారును చంపేది వయసు కాదు, బోరు నీళ్లు

సంపాదకులకు నమస్కారం.

15 ఏళ్లు దాటిన వాహనాల గురించి పత్రికల్లో వార్త వచ్చిన ప్రతిసారీ మా వీధిలో ఎవరో ఒకరు నా కారు దగ్గర ఆగి, "ఇంకా దీన్నే నడుపుతుండారా సార్, సీజ్ చేస్తారంట గదా" అని అడుగుతుంటారు. ఆ కారు నేను 2008లో కొన్న ఆల్టో. గార్లదిన్నె దగ్గర ఒక వేరుశనగ నూనె మిల్లులో లెక్కలు రాసే పని నాది. ఇల్లు అనంతపురంలో. ఆదివారం తప్ప రోజూ పోనూ రానూ నలభై కిలోమీటర్లకు పైగా ఈ కారులోనే తిరుగుతాను. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. కాయల సీజనులో మిల్లు నుంచి బయటపడేసరికి రాత్రి పది అవుతుంది కనుక బస్సును నమ్ముకుని చేసే ఉద్యోగం కాదిది, కొత్త కారు వాయిదాలను మోసే జీతమూ కాదు. నాలాంటివారు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఆ సీజ్ సంగతి. పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిలు బండికి 10 ఏళ్లు అన్న గడువు ఢిల్లీ గాలిని దృష్టిలో పెట్టుకుని జాతీయ హరిత ట్రైబ్యునల్ విధించినది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అది ఢిల్లీకి, దాని చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతానికి సంబంధించిన విషయమే తప్ప అనంతపురానికి సంబంధించినది కాదు. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండి నడపడానికి యోగ్యంగా ఉందని తనిఖీలో తేలితే 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. 2021 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన తుక్కు విధానం కూడా తనిఖీలో నెగ్గిన సొంత కారును వయసు నిండిందన్న కారణంతో తుక్కు చేయమని చెప్పడం లేదు. ఈ తేడా తెలియని అమాయకత్వం మీద బేరాలు నడుస్తున్నాయి. 2023లో నా కారుకు 15 ఏళ్లు నిండబోతున్నప్పుడు ఒక బ్రోకరు ఇంటికి వచ్చి, వచ్చే నెల నుంచి ఇది ఇనుప సామాను కింద లెక్క అని భయపెట్టి ముప్పై వేలు ఇస్తానన్నాడు. నాదానికంటే అధ్వాన్నంగా ఉన్న, అదే ఏడాది కారును అతనే కొద్ది వారాల తరువాత ఎనభై వేలకు అమ్మజూపడం కళ్లారా చూశాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మా ప్రాంతంలో చిన్న కార్లు వయసు మీరి పోవడం నేను పెద్దగా చూడలేదు. వేడెక్కి పోవడమే ఎక్కువగా చూశాను, ఆ వేడికి మూలం చాలాసార్లు ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో పోసిన నీళ్లే. అనంతపురం బోరు నీళ్ల సంగతి ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్ ఏడాది తిరగకుండానే తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లలో కరిగి ఉన్న సున్నపు లవణాలు వేడి తగలగానే విడిపోయి, వేడిగా ఉన్న లోహానికే అంటుకుంటాయి. గీజరులో జరిగేది కారులో జరగదని అనుకోవడానికి కారణమేమీ లేదు, కానీ నేను అలాగే అనుకున్నాను.

2016 మే నెలలో తాడిపత్రిలో బంధువుల పెళ్లికి వెళ్లి మధ్యాహ్నం రెండు గంటల వేళ తిరిగి వస్తుండగా వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా లేచింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ పై హోసు చివర చిట్లి ఆవిరి చిమ్ముతోంది. పక్కనే చీనీతోటలో ఉన్న రైతు చూసి, అడగకుండానే బిందెడు నీళ్లు తెచ్చిచ్చాడు. ఇంజిన్ చల్లారేదాకా చెట్టు కింద కూర్చుని, చిట్లిన ముక్క కోసేసి, మిగిలిన హోసును లాగి క్లిప్పు బిగించి, ఆ నీళ్లు నింపుకుని ఇల్లు చేరాం. ఆ పూట ఆయన చేసినది మరిచిపోలేని సాయం. తప్పంతా ఆ తరువాత నేను చేసినదే. ఇంటికి రాగానే ఆ నీళ్లు పూర్తిగా తీసేయించి రేడియేటర్ కోసమే తయారుచేసే కూలెంట్ ద్రవం పోయించవలసింది పోయి, తగ్గినప్పుడల్లా మా మేడ మీది ట్యాంకు నీళ్లే చెంబుతో పోస్తూ ఏడాది గడిపాను. రోజూ పైసలతో సహా లెక్కలు రాసేవాణ్ణి, నాలుగైదు వందల కూలెంట్ దగ్గర పొదుపు చేశాననుకున్నాను.

మరుసటి ఏప్రిల్‌లో మిల్లుకు వెళ్తుండగా ఇంజిన్ మళ్లీ కాగి ఆగిపోయింది. షెడ్డులో ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. ఇంజిన్ పైభాగమైన హెడ్డుకూ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ కాలి, నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట. అల్యూమినియం హెడ్డు వేడికి వంకర పోతే కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు కనుక, దాన్ని విప్పి లేత్ షాపుకు పంపి ఫేసింగ్, అంటే చదును, చేయించాలి. కొత్త రేడియేటర్‌తో కలిపి 14,500 రూపాయలు నా పద్దు పుస్తకంలో ఈనాటికీ కనబడుతున్నాయి. పాత రేడియేటర్ విప్పి చూపించినప్పుడు దాదాపు మూడో వంతు గొట్టాలు తెల్లటి పెచ్చుతో మూసుకుపోయి ఉన్నాయి. యాసిడ్‌తో కడిగితే సరిపోదా అని అడిగాను. "డ్రిప్పు పైపులు మూసుకపోతే యాసిడ్ పారించినట్ల గాదు సార్, అది ప్లాస్టిక్కు, ఇది అల్యూమినియము, మురికితో పాటు గొట్టాన్నీ తినేస్తది" అన్నాడు మెకానిక్. ఈ జిల్లాలో ఇంతకంటే తేలికగా అర్థమయ్యే వివరణ ఇంకొకటి ఉండదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు. కూలెంట్‌ను బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోయించడం, రెండేళ్లకొకసారి మొత్తం తీసి మార్పించడం, ఎండాకాలానికి ముందు రేడియేటర్ మూత, హోసులు, ఫ్యాను చూసుకోవడం, అంతే. ఆ మూతను చాలామంది నీళ్లు ఒలకకుండా పెట్టే బిరడా అనుకుంటారు. అది కుక్కరు మూత వంటిది. లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కనుక 100 డిగ్రీలకు మరగవలసిన నీరు దాదాపు 120 దాకా మరగకుండా ఉంటుంది. దాని స్ప్రింగు సడలినా, రబ్బరు వాషరు ఎండిపోయినా రోడ్డు మీద 43 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని వెళ్తున్న బండి గంటలో పొగలు కక్కుతుంది. రెండు మూడు వందల వస్తువు అది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీయడం మాత్రం ముఖం కాల్చుకోవడమే.

షెడ్లలో ఇంకొక అలవాటు ఉంది. వేడి సమస్యతో బండి వస్తే, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వును తీసి పక్కన పడేసి, మన ఎండలకు ఇది అక్కరలేదని చెబుతారు. నాకూ చెప్పారు. అది లేకపోతే ఇంజిన్ తనకు కావలసిన వేడికి చేరడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పంపుతుంది. మూసుకుపోయిన గొట్టాలు మాత్రం మూసుకుపోయే ఉంటాయి. తిరిగి బిగించమని పట్టుబట్టినందుకు ఆ రోజు షెడ్డులో నన్ను కొంచెం వింతగానే చూశారు.

టైమింగ్ బెల్టు, రెండేళ్లకొకసారి బ్రేక్ ఆయిల్, ఎన్నో వారంలో ఏ ఏడాది తయారైందో టైరు గోడ మీద చెప్పే నాలుగంకెలు, ఇవి చూసుకోవలసినవే గాని వాటి గురించి ఏ మెకానిక్కైనా చెబుతాడు. మిల్లు ఆవరణలో నిలిపే బండికి ఎలుకలతో మరొక తంటా. వేరుశనగ కాయలు బస్తాల్లో ఉండగా వాటికి నా వైర్లే ఎందుకు రుచించాయో ఇప్పటికీ అర్థం కాలేదు.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని మన దేశంలో కార్లు తయారు కావడం 2023 ఏప్రిల్ నుంచి. అంతకు ముందటి బండ్లకూ ఇప్పుడు బంకులో దొరికేది అదే. ఇథనాల్‌లో పెట్రోలులో ఉన్నంత శక్తి ఉండదు, దాదాపు మూడో వంతు తక్కువ. దానికి తోడు అది తేమను లాగుతుంది, పాత రకం రబ్బరును చెడగొడుతుంది. పాత నాలుగు చక్రాల వాహనాల్లో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంగీకరించింది. నా పద్దులో లీటరుకు పదిహేడున్నర ఉన్నది పదహారున్నరకు దిగింది, అంటే ఇంచుమించు అంతే. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చునని, ఆ ఖర్చు స్వల్పమేనని 2025 ఆగస్టులో కేంద్రం వివరణ ఇచ్చింది. స్వల్పమే, కాదనను. పెట్రోలు వాసన వస్తోందని చూపిస్తే ఫిల్టరు దగ్గరి హోసు చెమ్మగిల్లి ఉంది, తొమ్మిది వందలతో అన్నీ మార్పించాను. అయితే చెమ్మగిల్లిన పెట్రోలు హోసు వేడి ఇంజిన్ పక్కన ఉంటుందన్న విషయం ఖర్చు లెక్కలో కనబడదు. పాత బండ్ల యజమానులకు ఈ మాట బంకు దగ్గరే బోర్డు పెట్టి చెప్పాలి. కోరుకున్నవారికి 10 శాతం మిశ్రమం కూడా అందుబాటులో ఉంచితే మరీ మంచిది. లీటరుకు కొన్ని రూపాయలు తక్కువని సరిహద్దు దాటి కర్ణాటకలో పోయించుకునేవారు మా వైపు ఉన్నారు. అక్కడా దొరికేది ఇదే మిశ్రమం కాబట్టి ఈ విషయంలో వారికి కలిసివచ్చేదేమీ లేదు.

నా అసలు అభ్యంతరం రుసుముల గురించి. 15 ఏళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 600 రూపాయలున్న రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. 2028లో నా కారుకు 20 నిండుతాయి. పాత బండి తనిఖీకి ఎక్కువ శ్రమ పడాలంటే అర్థం చేసుకుంటాను. కానీ చాసిస్ నంబరు సరిచూసి, లైట్లు వెలిగించి చూడటంతో తనిఖీ ముగిస్తే ఆ డబ్బుకు అర్థం లేదు. బ్రేకులు నాలుగు చక్రాలకూ సమానంగా పడుతున్నాయో లేదో యంత్రం మీద కొలిచి, స్టీరింగ్‌లో ఆట, బాల్ జాయింట్లు, అడుగు తుప్పు కింది నుంచి చూసి, ఫలితాన్ని కాగితం మీద రాసి యజమాని చేతికివ్వాలి. అందులో నా కారు నెగ్గకపోతే తుక్కుకు తోలడానికి నాకు అభ్యంతరం లేదు. బాగున్న బండికీ బాగులేని బండికీ ఒకే పదివేలు వసూలు చేస్తే మాత్రం రెండో బండి యజమాని ఆ డబ్బును బ్రేకు షూలు మార్పించకుండా మిగుల్చుకుంటాడు.

పాత కారులో లోపాలు లేవని నేను అనడం లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కఠినమైన పొగ ప్రమాణాలతో వచ్చిన కార్లతో పోలిస్తే నా కారు పొగ ఎక్కువ హానికరమే. పొగ పరీక్షలో నెగ్గినంత మాత్రాన కొత్త కారుతో సమానం కాదు. నా కారులో ఎయిర్‌బ్యాగు లేదు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. అందుకే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎంత ఖాళీగా ఉన్నా 80 దాటను, రాత్రి వానలో అయితే 60. పిల్లలతో దూర ప్రయాణం అంటే బస్సో రైలో చూసుకుంటాం. రోజూ ఇద్దరు ముగ్గురితో మిల్లుకూ ఇంటికీ తిరగడానికి ఈ కారు చాలు.

చివరిగా మీకొక విన్నపం. ఎండలు ముదిరే ముందు ప్రతి ఏడూ మీ పత్రిక మజ్జిగ తాగమని, మిట్టమధ్యాహ్నం బయట తిరగవద్దని మనుషులకు జాగ్రత్తలు ప్రచురిస్తుంది. వచ్చే మార్చిలో జిల్లా పేజీలో దాని పక్కనే బండ్లకు కూడా నాలుగు వాక్యాల చోటివ్వండి: రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయవద్దు, అత్యవసరంలో పోసినా ఆ వారంలోనే తీసేయించండి, మూత, హోసులు మార్పించండి, వేడి మీద మూత తీయవద్దు. ఆ కాగితం కత్తిరించి మా మెకానిక్ షెడ్డు గోడకు నేనే అంటిస్తాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అనంతపురం.