ఒక్కో పాట కాదండీ, ఆల్బమ్ మొత్తం వినండి

ఎడిటర్ గారికి నమస్కారం. పాత రాక్ మ్యూజిక్ అంటే కుర్రాళ్ల గోల అనుకునేవాళ్లు మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ వాళ్ల ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1973లో వచ్చింది. కాలేజీ రోజుల్లో విన్నప్పుడు గిటార్ బాగుంది అనుకున్నా అంతే, స్పీడ్ లేదని పక్కన పెట్టేశా. యాభై దాటాక ఇప్పుడు వింటుంటే వదలబుద్ధి కావట్లేదండీ.

అందులో ‘టైమ్’ అని ఒక పాట. మొదట్లోనే బోలెడన్ని గడియారాలు ఒక్కసారిగా గంటలు కొడతాయి, సౌండ్ ఇంజనీర్ అలాన్ పార్సన్స్ పాత గడియారాల షాపుకెళ్లి ఒక్కోదాన్నీ విడివిడిగా రికార్డ్ చేసుకొచ్చాడు వాటిని. తర్వాత రెండు నిమిషాల దాకా పాడే గొంతే వినపడదు, టిక్ టిక్‌మంటూ ఉంటుంది, మధ్యలో బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్ వాయించే డ్రమ్స్, దాదాపు అంతే. అప్పట్లో బోర్ కొట్టింది సరిగ్గా ఇక్కడే, ఇప్పుడేమో ఆ వెయిటింగే పాటకి ప్రాణం అనిపిస్తోంది. ఇంకా బోలెడు టైముందిలే అని రోజులు దొర్లించేస్తాం, తిరిగి చూసుకునేసరికి పదేళ్లు పోయుంటాయి, ఆ పాట సారం ఇదే. ఆ మాటలు రాసిన బ్యాండ్ సభ్యుడు రోజర్ వాటర్స్‌కి అప్పటికి ముప్పై కూడా నిండలేదు, ఆ వయసులో ఎలా తట్టిందో ఈ మాట!

దాని వెనకే ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ అని ఇంకో పాట, బ్యాండ్‌లోని రిచర్డ్ రైట్ పియానోతో మొదలై, బయట నుంచి పిలిపించిన గాయని క్లేర్ టోరీ గొంతు అందుకుంటుంది. ఒక్క మాట ఉండదు, ఉత్త గొంతే. మొదట ఎవరో పోయినట్టు గొంతెత్తి ఏడ్చినంత పని చేస్తుంది, సగం దాటాక అదే గొంతు బాగా తగ్గిపోయి గొణిగినట్టు అయిపోతుంది. ఇంగ్లీష్ ఒక్క ముక్క రానివాళ్లకి కూడా ఇది నేరుగా తాకుతుంది, మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా పని ఆపి విన్నారు. ఆవిడకి ఆ రోజు ఇచ్చింది 30 పౌండ్లు, పాట కట్టినవాళ్లలో ఆవిడ పేరు కూడా చేరింది మాత్రం 2005లో, అదీ కేసు వేసి రాజీ అయ్యాక.

ఈ రెండు పాటలూ షఫుల్‌లో పడి చెరో చోట వస్తే సగం పోతుంది. మొత్తం కలిపి 43 నిమిషాలే, మొదట్నుంచీ వరసలో వినాలి.

మీ ఆదివారం పేజీలో ఇలాంటి ఆల్బమ్‌ల గురించి రాయించండి సార్, బ్యాండ్ పేరుతో సరిపెట్టకుండా క్లేర్ టోరీ లాంటి వాళ్ల గురించి కూడా.

– మీ పాత పాఠకుడు